పదకొండు లైన్లు

6 ఆగస్టు 2007, సోమవారం. కోవిల్‌పట్టి

హైదరాబాదు వదిలి వచ్చాక ఈ నోటుబుక్కు తెరవలేదు. అక్కడ నాలుగేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్న అక్షరాలు ఇంకా చేతికి వస్తున్నాయి. ఈ తమిళనాట పుట్టి పెరిగినా మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం నాకు తప్ప ఎవరికీ రాదు. అమ్మ చూస్తే జాంగిరీలు చుట్టావంటుంది. దాచుకోవాల్సింది ఉన్నప్పుడు ఇంతకంటే మంచి చోటు లేదు.

దాచుకోవాల్సింది అని ఎందుకు రాశానో. తప్పు నాది కాదు.

ఉదయం విరుదునగర్ బస్సు ఎక్కబోతుంటే సీనివాసన్ సార్ ఫోన్ చేశారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మా కంపెనీ ఆయనదే. నూనె మిల్లు మేడ మీద రెండు గదులు, ఎనిమిది మందిమి. సార్ మనవాళ్లే గాని ఆఫీసులో తమిళం తప్ప మాట్లాడరు. భయం వేస్తేనే తెలుగులోకి దిగుతారు. ఈ రోజు తెలుగే.

"కర్పగం, నువ్వు ఈడికి రావద్దు. ఆడనే ప్రసవం ఆస్పత్రికి పో. మన ప్రోగ్రాము వల్ల ఒగ బిడ్డకి ప్రాణం మీదికి వచ్చిందంట."

ఆ ఆస్పత్రిలో ఐదేళ్లుగా మా ప్రోగ్రాము నడుస్తోంది. వెళ్లేసరికి నర్సు రాజాత్తి మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఆమె తమిళంలో చెప్పినదాన్ని నాకు వచ్చినట్టు రాసుకుంటున్నాను.

"మూడో తారీఖు మగబిడ్డ పుట్టాడు. సాయంత్రానికల్లా పసుపు పూసినట్టు అయిపోయాడు. మదురై పంపాం. ఒంట్లో నెత్తురంతా తీసి వేరే నెత్తురు ఎక్కిస్తున్నారు. తల్లిది నెగెటివ్ నెత్తురు. మూడేళ్ల కింద ఇక్కడే మొదటి కాన్పు, ఆడపిల్ల, ఆ పిల్లది పాజిటివ్. అప్పుడే మూడు రోజుల్లోపల తల్లికి ఒక్క సూది వేసి ఉంటే ఈ బిడ్డకు ఏమీ అయ్యేది కాదు."

"వెయ్యలేదా?"

"ఎట్లా వేస్తాను? మీ పట్టీలో ఆమె పేరు రాలేదు."

పట్టీ అంటే మా ప్రోగ్రాము రోజూ పొద్దున అచ్చు వేసే కాగితం. ఆ సూది వేయాల్సిన తల్లుల పేర్లు.

"మీ కంప్యూటర్ రాకముందు ప్రతి షీటూ నా కళ్లతో చూసేదాన్ని కర్పగం. మీ కాగితం వచ్చాక చూడటం మానేశాను." ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి కాన్పు ఏప్రిల్ 2004. ఆ తేదీ వినగానే నాకు అర్థమైంది. మాధవన్.


7 ఆగస్టు, మంగళవారం

డాక్టరమ్మ గదిలో సార్, నేను, ఆస్పత్రి గుమాస్తా. బల్ల మీద 2004 నాటి కేసు షీటు. రక్తం వర్గం దగ్గర 'ఓ' పక్కన నెగ్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉన్నాయి. అంతకుముందు ల్యాబులో మైనస్ గుర్తు పెట్టేవాళ్లు. ఆ ఏడాది మార్చిలో కొత్తగా వచ్చిన అతను నెగ్ అని కొట్టడం మొదలుపెట్టాడు. మా ప్రోగ్రాముకు మైనస్ గుర్తు మాత్రమే తెలుసు. నెగ్ అన్న తల్లులను దాటేసింది.

డాక్టరమ్మ అడిగింది. సార్ చెప్పారు: "అప్పుడు మా దగ్గర మాధవన్ అని ఒకడుండేవాడు. ఆ మార్పు చేయమని వాడికే చెప్పాం. చేయకుండానే చేశానన్నాడు. మే నెలలో బయటపడింది. పంపించేశాం."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అవును, మాధవనే" అన్నాను.

"ఇప్పుడెక్కడున్నాడు?" అని గుమాస్తా. "తిరుత్తంగల్లో ఏదో ప్రెస్సులో" అని సార్.

నేను చెప్పింది నిజమే. 2004 మేలో రాజాత్తి ఒక తల్లి పేరు పట్టీలో లేదని అనుకోకుండా కనిపెట్టి ఫోన్ చేసింది. ఆ తల్లికి సమయానికి సూది పడింది. నేను ఫైలు తెరిచి చూస్తే నెగ్ సంగతే లేదు. మాధవన్‌ను పిలిచి అడిగాను. చేశానన్నాడు. ఫైలు చూపించాను. ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. తప్పు చేసినవాళ్లు అలాగే నిలబడతారు. నేనే ఆ మార్పు చేసి ఆస్పత్రికి పంపాను. అతను వారంలోగా వెళ్లిపోయాడు.

ప్రోగ్రాము నెగ్‌ను దాటేసిన ఆ మధ్య రోజుల్లో పుట్టిన బిడ్డల తల్లులను మళ్లీ చూసుకోమని ఆస్పత్రికి చెప్పామా? చెప్పే ఉంటాం.

బయటికి వస్తుంటే వార్డు వరండాలో ఒకామె గోడ పట్టుకుని నడుస్తోంది. పాతికేళ్లు ఉంటాయేమో. కడుపు మీద చెయ్యి. ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్న నన్ను చూసి ఆగింది.

"అక్కా, మీరు మనవాళ్లా? మీ మాట మా ఇంటి మాట మాదిరే ఉండాది."

సాత్తూరు దాటి లోపల ఊరట. అగ్గిపెట్టెల యూనిట్లో పెట్టెలు నింపే పని. పేరు కార్తీశ్వరి.

"నా బిడ్డని మదురైకి ఎత్తుకోని పోయిరి. మా ఇంటాయన కూడా ఆడనే ఉండాడు. నేనింకా సరిగ్గా మొగం కూడా చూడల. మీరు ఆస్పత్రిలో పని చేస్తారా? ఎట్లుండాడో అడిగి చెప్పరా?"

కంప్యూటర్ పని అన్నాను. అడిగి చెప్తానన్నాను.


8 ఆగస్టు

బిడ్డ పోయాడు. ఐదు రోజులు.


9 ఆగస్టు, గురువారం. విరుదునగర్, మధ్యాహ్నం

సార్ చెప్పిన పని: మాధవన్ తప్పుకు ఆధారం తీయాలి. తేదీ, పేరు, అచ్చు వేసి ఆస్పత్రికి ఇవ్వాలి.

అది తీయగలిగేది నేనే. హైదరాబాదు నుంచి వచ్చాక ఇక్కడ సీవీఎస్ పెట్టింది నేను. ఎవరు ఏ రోజు ఏ ఫైల్లో ఏ లైను మార్చారో అన్నీ దాచిపెట్టే పద్ధతి. అంతకుముందు ఇక్కడ ఫైళ్లకు కొత్తది, కొత్తది-రెండు, ఇదే చివరిది అని పేర్లు పెట్టుకునేవాళ్లు.

కాని 2005లో పాత సర్వరు డిస్కు పోయింది. కొత్త యంత్రంలోకి అప్పటి ఫైళ్లు మాత్రమే వచ్చాయి. వాటి చరిత్ర రాలేదు. మిగిలింది ప్రతి శనివారం రాసిపెట్టిన సీడీలు. బీరువా అడుగున అట్టపెట్టెలో దొరికాయి. వాటి మీద నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు. మాధవన్ రాత. అతను వెళ్లిపోయాక సీడీ రాయడం ఎవరం చేయలేదని ఇప్పుడే గమనించాను.

చివరి సీడీ 2004 మే 22. తెరుచుకోలేదు. దాని ముందుది సగం చదివి ఆగిపోయింది. బట్టతో తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తుడిచి. అయిపోయింది ఈ రోజు.


10 ఆగస్టు

ఈ రోజూ రాలేదు. అమ్మ అడిగింది, "ఏమే, అన్నం ముందర పెట్టుకోని ఏం ఆలోచిస్తా ఉండావు?" ఒక సీడీ అన్నాను. "కొత్తది కొనుక్కో" అంది.


11 ఆగస్టు, శనివారం

ఇంకో యంత్రంలో పెట్టి చూస్తే మే 22 సీడీయే చదివింది. మొత్తం కాదు. నాకు కావలసిన ఫోల్డరు వచ్చింది. అందులో పట్టీ అచ్చు వేసే ఫైలు, పేరు చివర కామా, వి. ఆ ఒక్క ఫైల్లోనే దాని పుట్టుక నుంచి ఉన్న మార్పులన్నీ ఉంటాయి. కొత్త యంత్రంలో పెట్టి లాగ్, అంటే ఆ మార్పుల జాబితా, అడిగాను.

చివరి నుంచి మొదటికి వస్తుంది. ముందు 1.16 నంబరు మార్పు. మే 17, పేరు కర్పగం. నెగ్ కలిపిన మార్పు. నాకు గుర్తున్నదే.

కిందకు జరిపాను. 1.15 చూడకుండా 1.14 చూశాను, ఎందుకంటే అక్కడ మాధవన్ పేరు ఉంది.

1.14. మార్చి 9. పేరు మాధవన్. కలిపిన లైన్లు పదకొండు, తీసినవి సున్నా. కింద అతను ఇంగ్లీషులో రాసిన మాట. దాని అర్థం: ల్యాబులో నెగ్ అని కొడుతున్నారు. అలా కొట్టినా తల్లి పేరు పట్టీలో రావాలి. రాకపోతే సూది తప్పిపోతుంది.

చేశాడు. చేయమని మేం చెప్పకముందే చేశాడు.

అప్పుడు 1.15 చూశాను. మార్చి 13. పేరు కర్పగం. కలిపిన లైన్లు నాలుగు. తీసిన లైన్లు పదకొండు.

ఆ నాలుగూ నాకు గుర్తున్నాయి. ఆస్పత్రి ప్రింటర్లో పేర్లు అంచు దాటి పోతుంటే సరిచేశాను. ఆ పదకొండు నేను తీయలేదు. తీసిన గుర్తు లేదు.

కుర్చీలోంచి లేచి నీళ్లు తాగి వచ్చి మళ్లీ అడిగాను. మళ్లీ అదే వచ్చింది. నాలుగు, పదకొండు. ఐదుసార్లు అడిగాను. యంత్రం విసుక్కోదు.


12 ఆగస్టు, ఆదివారం

నేను కాదు. లాగ్‌లో సమయం తెల్లవారుజామున 4.41. ఆ వేళకు ఆఫీసుకు తాళం ఉంటుంది. నేను కోవిల్‌పట్టిలో నిద్రలో ఉంటాను. నా పేరుతో ఇంకెవరో చేశారు. నా పాస్‌వర్డు మాధవన్‌కు తెలుసు.

పైది రాసి గంట కూడా కాలేదు. సీవీఎస్ గంటలు మన గంటలు కావు. అది లండను సమయం చూపిస్తుంది. ఐదున్నర గంటలు కలపాలి. ఈ సంగతి ఆఫీసులో అందరికీ బోర్డు మీద రాసి నేర్పింది నేనే. ఉదయం 10.11.

కింద రాసిన వ్యాఖ్యలో అలైన్‌మెంట్ అన్న ఇంగ్లీషు మాటకు ఎల్ రెండుసార్లు ఉంది. ఆ తప్పు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే చేస్తాను.

జరిగింది కళ్లకు కడుతోంది. 2004 మార్చి 12, శుక్రవారం, మాధవన్ మార్పు లేని పాత ఫైలు ఫ్లాపీలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. అక్కడే కూర్చుని ప్రింటరు బాగు చేశాను. శనివారం ఆఫీసుకు వచ్చి ఆ ఫ్లాపీలోది తీసి కొత్త ఫైలు మీద పెట్టి ఎక్కించేశాను. మాధవన్ కలిపినదాన్ని నా పాత ఫైలు తుడిచేసింది. ఏం మారిందో ఒకసారి పోల్చి చూసుకుంటే కనిపించేది. చూసుకోకుండా ఎక్కించొద్దని కూడా బోర్డు మీద రాసింది నేనే.

మార్చి 13 నుంచి మే 17. కార్తీశ్వరి మొదటి కాన్పు ఏప్రిల్ 7.


13 ఆగస్టు, సోమవారం

సార్‌కు చూపించాను. తెర వైపు చూశారు. తెలుగులోకి దిగారు.

"ఇంకెవరికన్నా చెప్తివా?"

"లేదు సార్."

"సీడీ చెడిపోయిందని రాసిస్తాము. నిజంగా చెడిపోయిందే గదా, సగం. నీ పేరు బయటికొస్తే కంపెనీ మూస్తారు. ఎనిమిది ఇండ్లల్లో పొయ్యి ఆరిపోతాది. పోయిన బిడ్డ తిరిగొస్తాడా?"

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. తన కూతురు ఇలాంటిది చేస్తుందని అమ్మ నమ్మలేదు. "నువ్వేమన్నా చేత్తో చంపితివా? ఏదో బటను నొక్కితివి. నోరు మూసుకోని ఉండు పాపా."

పాత చరిత్ర చదవలేకపోయామని ఆస్పత్రికి ఉత్తరం నేనే టైపు చేశాను. సంతకం సార్‌ది. టైపు చేయడం సంతకం చేయడం కాదు.


14 ఆగస్టు

టైపు చేయడం సంతకం కాదు.


15 ఆగస్టు, సెలవు

ఏమీ రాయను.


16 ఆగస్టు, గురువారం

ఆఫీసులో అడుగు పెట్టగానే విన్నాను. కార్తీశ్వరి భర్త తంగసామి ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని సోమవారమే తిరుత్తంగల్ వెళ్లాడట. ఆస్పత్రి గుమాస్తా పేరూ ప్రెస్సూ చెప్పాడు. పనివాళ్లందరి ముందు మాధవన్‌ను కొట్టారు.

సోమవారం. నేను ఇక్కడ ఉత్తరం టైపు చేస్తున్న రోజు.

బ్యాగు తీసుకుని బస్టాండుకు వచ్చేశాను. శివకాశి బస్సు, అక్కడి నుంచి ఆటో. ప్రెస్సులో వచ్చే ఏడాది క్యాలెండర్ల పని జోరుగా ఉంది. రంగు వాసన. మాధవన్ కంప్యూటర్ ముందు కూర్చుని తేదీల గళ్లు సర్దుతున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు.

నన్ను చూసి లేచాడు. మూడేళ్లయినా లేచే అలవాటు పోలేదు. అతన్ని బయటికి రమ్మన్నాను.

బయట టీ కొట్టు పక్కన నిలబడి చెప్పాను. సీడీ, 1.14, 1.15, అన్నీ. విని తల ఊపాడు.

"తెలుసు అక్కా."

"ఏం తెలుసు?"

"నేను పెట్టిన పదకొండు లైన్లు యాడికి పోతాయి? మీరు తుడిచేసి ఉంటారని ఆ పొద్దే తెలుసు. లాగు తీసి చూడండక్కా అని మూడుతూర్లు చెప్తిని గదా."

"నువ్వు ఏమీ మాట్లాడలేదు మాధవన్. ఊరికే నిలబడ్డావు."

అతను నన్ను వింతగా చూశాడు. "మూడుతూర్లు చెప్తిని అక్కా. 'లాగు ఎందుకు, ఫైలు నా కండ్ల ముందరే ఉండాది' అంటిరి. మూడోతూరి సార్ ముందర చెప్తిని. 'అబద్ధాలు నేర్చుకున్నాడు సార్' అంటిరి. దాని తరువాతనే నేను మాట్లాడకుండా నిలబడితిని."

అవును. ఆ మాట అన్నాను. అతను చెబుతుంటే నా గొంతు నాకే వినిపించింది. సార్ బల్ల మీద నీళ్ల గ్లాసు, మాధవన్ గళ్ల చొక్కా, నేను ఆ మాట అనడం. ఇవన్నీ ఇన్నాళ్లు ఎక్కడ ఉన్నాయి? ఇంటికొచ్చి వెనక పేజీలు తిప్పి చూశాను. 'ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు' అని రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా.

"మన్నించమని అడిగేదానికి కూడా..." అని మొదలుపెట్టాను.

"దాన్ని పక్కన పెట్టండి" అన్నాడు, కొంచెం గట్టిగానే. "నాకు కోపం లేదని నేను చెప్పను. ఉండాది. మా అమ్మ చచ్చేవరకు నేను పని సరిగ్గా చెయ్యక పోగొట్టుకుంటినని అనుకునింది. అది తరువాత మాట్లాడతాము. ఆ రెండు నెలల్లో ఇంకా ఎంతమంది తల్లులు తప్పిపోయిరి? చూసితిరా?"

చూడలేదు.

"తేదీలు చేతిలో ఉండాయి, పేర్లు తియ్యలేదా?" అతని ముఖంలో ఇప్పుడు నిజమైన దిగ్భ్రాంతి. "అక్కా, వాళ్లల్లో ఎవరన్నా ఇప్పుడు కడుపుతో ఉంటే?"


17 ఆగస్టు, శుక్రవారం. కోవిల్‌పట్టి

పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. లాగ్ అచ్చు కాగితం, దాని కింద నా చేత్తో రాసిన ఒక పేజీ. మార్పు చేసింది మాధవన్, తుడిచింది నేను, చదవలేకపోయామన్న ఉత్తరం అబద్ధం, టైపు చేసిందీ నేనే.

ఆమె చదివి కాగితం కింద పెట్టింది. కేకలు వేస్తుందనుకున్నాను.

"మొదటి రోజు నేను మిమ్మల్ని ఏం అడిగాను? గుర్తుందా?"

ఎవరి తప్పు అని అడిగారు, అన్నాను.

"లేదు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అని అడిగాను. మీ సార్ ఒక పేరు చెప్పారు. మీరు ఆ పేరే మళ్లీ చెప్పారు. నాకు పేరుతో పని లేదమ్మా. ఆ తేదీలు ఆ రోజే ఇచ్చి ఉంటే పది రోజుల ముందే వెతికేదాన్ని."

ఏడో తేదీన రాసుకున్నది తిప్పి చూశాను. 'డాక్టరమ్మ అడిగింది' అని మాత్రం ఉంది. ఏం అడిగిందో లేదు.

ఆస్పత్రి కంప్యూటర్ దగ్గరే కూర్చోబెట్టింది. మార్చి 13 నుంచి మే 17. నెగ్ అని కొట్టిన తల్లులు, పాజిటివ్ బిడ్డలు, సూది గడి ఖాళీ. రాజాత్తి పాత షీట్లు మోసుకొచ్చి ఒక్కొక్కటీ తన కళ్లతో సరిచూసింది. కార్తీశ్వరి కాక మరో నలుగురు.

ఫోన్లో సార్ ఒకే మాట అన్నారు. "రేపటి నుంచి రావద్దు."


18 ఆగస్టు

ముగ్గురు దొరికారు. ఒకామె ఇక పిల్లలు వద్దని ఆపరేషన్ చేయించుకుంది. ఒకామెకు మొదటి బిడ్డ తర్వాత కడుపు రాలేదు. ఒకామెకు రెండో బిడ్డ పుట్టి బాగానే ఉన్నాడట. ఆ బిడ్డది నెగెటివ్ అని రాజాత్తి చెప్పింది.

నాలుగో ఆమె జెయంతి. నరికుడి పక్క పల్లె. ఫోన్ లేదు.


20 ఆగస్టు, సోమవారం

రాజాత్తీ నేనూ బస్సులో నరికుడి వెళ్లాం. దిగాక రెండు మైళ్లు నడక, మిరప వేసి వానకు ఎదురుచూస్తున్న చేలు. ఇల్లు కనుక్కుని పిలిస్తే బయటికి వచ్చిన జెయంతికి ఐదో నెల.

రాజాత్తి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

అదే రోజు మదురై తీసుకువెళ్లి పరీక్షకు రక్తం ఇప్పించాం.


22 ఆగస్టు

జెయంతి నెత్తురులో బిడ్డ నెత్తురుకు ఎదురు తిరిగే విరోధం ఇంకా ఏదీ పుట్టలేదు. అందరికీ పుట్టదట. ఇకపై నెలనెలా చూస్తారు, సూది వేస్తారు, బిడ్డకు భయం లేదు అంది డాక్టరమ్మ. రాజాత్తి అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది.

నాకు ఏడుపు రాలేదు. అందరికీ పుట్టని ఆ విరోధం కార్తీశ్వరికి పుట్టింది.


24 ఆగస్టు, శుక్రవారం

కార్తీశ్వరి కాన్పు ఆపరేషన్ గాయం చూపించుకోవడానికి వచ్చింది. ఒంటరిగా వచ్చింది. వరండాలో బెంచీ మీద పక్కన కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టింది.

"అక్కా, కంప్యూటర్ అక్కా. నా బిడ్డ పోయినాడు, తెలుసునా?"

తెలుసన్నాను. మన మాటలోనే చెప్పాను. మూడేళ్ల కింద నీకు వేయాల్సిన సూది ఒకటి ఉంది. నీ పేరు కాగితంలో రావాల్సింది. రాకుండా చేసింది నేను. కావాలని కాదు. చూసుకోలేదు. మీ ఇంటాయన కొట్టిన మనిషి ఆ తప్పు జరగకుండా చూసినవాడు. అతని పని కూడా నేనే తుడిచేశాను.

ఆమె కదలకుండా వింది. కొడుతుందేమోనని ఎదురుచూశాను. ఎదురుచూడటం కాదు, కోరుకున్నాను.

"అట్లయితే నా నెత్తురు విషం కాదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"మా అత్త చెప్తా ఉండాది. ఇది అగ్గిపుల్ల మందు పట్టిన చెయ్యి, దీని నెత్తురు విషం, బిడ్డల్ని తినేదని. ఊరంతా చెప్తా ఉండాది. మా ఇంటాయనకి ఇంకో పిల్లని చూస్తా ఉండారు. నన్ను వచ్చే వారం మా అమ్మింటికి పంపిస్తారంట. నా కూతుర్ని నా పక్కలో పండనియ్యరు. విషమంట."

"కాదు. నీ నెత్తురు మంచిదే. సూది పడలేదు, అంతే."

అప్పుడు ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది. మళ్లీ తనే నా చెయ్యి పట్టుకుంది. అంతలోనే వదిలేసింది.

"ఇంకో బిడ్డ పుడితే?"

అబద్ధం చెప్పాలనిపించింది. "కష్టం. నీ నెత్తురు బిడ్డ నెత్తురు మీద తిరగబడటం ఇప్పుడు నేర్చేసుకుంది. మొదటి నెల నుంచి మదురైలో చూపించుకుంటే కాపాడే దారి ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఖాయంగా కాదు."

ముఖం తుడుచుకుంది.

"మిమ్మల్ని తిట్టాలని ఉండాది. దాన్ని తరువాత చేస్తాను. ఆదివారం మా ఊరికి రండి. నాకు చెప్పింది మా అత్త ముందర చెప్పండి. డాక్టరమ్మ తమిళంలో చెప్తే ఆమె వినదు. మన మాటలో చెప్పండి."


25 ఆగస్టు

అమ్మ వద్దంది. కాళ్లు విరగ్గొడతారంది. తర్వాత తనే, "నేను కూడా వస్తాను" అంది. వద్దన్నాను.


26 ఆగస్టు, ఆదివారం

సాత్తూరులో దిగి మినీ బస్సు ఎక్కాను. ఊళ్లో దిగేసరికి కార్తీశ్వరి రోడ్డు మీదే నిలబడి ఉంది. ముందు నడిచింది.

ఒకే గది ఇల్లు. అత్త మంచం మీద. తంగసామి గోడకు ఆనుకుని నేల మీద. మూడేళ్ల పిల్ల అత్త ఒడిలో. నాకు కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నిలబడే చెప్పాను.

సగంలో అత్త ఆపింది. "నువ్వెవరు మా ఇంటి సంగతి చెప్పేదానికి?"

"ఆ సూది తప్పించిన దాన్ని."

తంగసామి తల ఎత్తాడు. లేచి నా దగ్గరకు వచ్చాడు. చెయ్యి లేవలేదు.

"అట్లయితే ఆ ప్రెస్సులో పిల్లోణ్ణి నేనెందుకు కొడితిని?"

"నేను అతని పేరు చెప్పాను గనక" అన్నాను.

అతను వెనక్కి పోయి కూర్చున్నాడు. ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అత్త ఇంకా నన్నే చూస్తోంది. "మిషను తప్పు చేస్తే మనిషి నెత్తురు ఎట్లా చెడిపోతాది?" అంది. ఆ గొంతులో ముందున్న పదును లేదు.

"మిషను కాదమ్మా. నేను. నీ కోడలి నెత్తురు మామూలు మనుషులకు ఉండేదే. నూటికి ఐదారుగురికి ఉంటుంది. నీ మనవడు దానివల్ల పోలేదు. నేను ఒక పొద్దు చూసుకోకుండా చేసిన పని వల్ల పోయాడు."

ఒడిలో పిల్ల దిగి తల్లి వైపు నడిచింది. అత్త ఆపలేదు. కార్తీశ్వరి పిల్లను ఎత్తుకోలేదు, కుట్లు ఉన్నాయి కదా. కాళ్లకు చుట్టుకోనిచ్చింది.

వాకిట్లో అలికిడి. ఎవరో టౌను మనిషి వచ్చిందని చుట్టుపక్కల ఆడవాళ్లు చేరారు. ఏడెనిమిది మంది ఉంటారు, గడప అవతల, మెడలు చాచి.

కార్తీశ్వరి వాళ్లను చూసింది. నన్ను చూసింది.

"ఇంకోతూరి చెప్పక్కా" అంది. "బయట ఉండేవాళ్లకి ఇనపడల."

నేను గడప దాటి వాకిట్లోకి వచ్చాను. ఎండ కళ్లలో కొట్టింది. మొదటి నుంచి మొదలుపెట్టాను, నా పేరుతో సహా.